ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? గోదావరి సీమ పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

స్థానిక చరిత్ర గురించి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం గోదావరి జిల్లాలవే. ఊరి చరిత్ర రాయాలనీ, పాత వస్తువులతో చిన్న ప్రదర్శనశాల పెట్టాలనీ పలువురు ఉత్సాహపడుతున్నారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మాది కోనసీమలో ఒక చిన్న గ్రామం. రాజులు ఏలిన చోటు కాదు, పెద్ద గుడి కూడా లేదు. నేను చూసిన ఏ చరిత్ర గ్రంథంలోనూ మా ఊరి పేరు కనిపించలేదు. బడి పిల్లలతో ఊరి చరిత్ర రాయిద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక ఉపాధ్యాయుడు, రావులపాలెం మండలం)

సమాధానం: చరిత్ర గ్రంథాల్లో పేరు లేని ఊళ్లు చాలా ఉంటాయి గానీ, ఏ దస్త్రంలోనూ పేరు లేని ఊరు గోదావరి డెల్టాలో ఉండడం అరుదు. శిస్తు కట్టిన ప్రతి ఊరికీ కాగితాలు ఉంటాయి, వాటిని వెతికే దారి తెలియాలి, అంతే. అందుకు ముందుగా మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లా కింద ఉండేదో వరుసగా రాసుకోండి. 1859 దాకా అది రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి కోనసీమ జిల్లా. పాత రికార్డులన్నీ పాత జిల్లాల పేర్ల కిందనే భద్రపరిచి ఉంటాయి కాబట్టి, ఇప్పటి జిల్లా పేరుతో వెతికినవారు ఏమీ లేదనుకొని వెనుదిరిగి వస్తుంటారు. తాలూకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

తర్వాత శాసనాలు చూడండి. ప్రభుత్వ శాసన పరిశోధన శాఖ 1880ల నుంచి ఊరూరా తిరిగి శాసనాలకు ప్రతులు తీసి, వార్షిక నివేదికల్లో ఊరి పేరుతో సహా నమోదు చేసింది. 1919లో వి. రంగాచార్య మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని శాసనాలకు జిల్లాల వారీగా, తాలూకాల వారీగా మూడు సంపుటాల పట్టిక ప్రకటించారు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో 1923లో వచ్చిన నాలుగోదానిలో ఒక్క ద్రాక్షారామ భీమేశ్వరాలయం నుంచే వందల శాసనాల పాఠాలు ఉన్నాయి. మీ ఊళ్లో శాసనం లేకపోయినా, మీ ఊరివాళ్లు ద్రాక్షారామానికి వచ్చి చేసిన దానం అక్కడి స్తంభం మీద ఉండవచ్చు. అఖండదీపానికి గొర్రెలను ఇచ్చిన దాతల పేర్లే కాదు, ఆ గొర్రెలను తీసుకొని ఏటేటా నెయ్యి పోస్తామని ఒప్పుకొన్న బోయల పేర్లు కూడా ఆ శాసనాల్లో ఉన్నాయి. వెయ్యేళ్ల కిందటి పశువుల కాపరి పేరు మనకు చేరిందంటే ఈ దానశాసనాల పుణ్యమే. రాజవంశాల పట్టిక కంటే ఈ పేర్లే మీ పిల్లలను ఎక్కువగా ఆకట్టుకుంటాయని నా నమ్మకం.

మూడోది కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు. ఆంగ్లేయుల సర్వే అధికారి కాలిన్ మెకంజీ (1754–1821), ఆయనకు కుడిభుజంగా నిలిచిన కావలి బొర్రయ్య, బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్య గ్రామాల్లోని కరణాల దగ్గర ఉన్న కవిలెలను (ఊరి లెక్కల పుస్తకాలను), పెద్దలు చెప్పిన వృత్తాంతాలను సేకరింపజేశారు. తాటాకుల మీద, పాత కాగితాల మీద శిథిలమైపోతున్న వాటికి తర్వాతి కాలంలో సి. పి. బ్రౌన్ మళ్లీ ప్రతులు రాయించాడు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వీటిని చూడవలసిన చోటు. మీ ఊరికి ప్రత్యేకంగా కైఫీయతు లేకపోయినా పొరుగు ఊరి కైఫీయతులో హద్దుల తగాదాగానో, చెరువు పంపకంగానో మీ ఊరి ప్రస్తావన రావచ్చు.

ఆంగ్లేయుల కాలానికి హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వృత్తాంతం, ఎఫ్. ఆర్. హెమింగ్‌వే 1907లో రాసిన గెజిటీరు ఆధారంగా ఉంటాయి. అయితే అవి అధికారి అవసరానికి, అధికారి చూపుతో రాసినవి. వాటిలో శిస్తు లెక్క నమ్మదగినది, జనం స్వభావం గురించి చేసిన వ్యాఖ్య నమ్మదగినది కాదు. 1860ల నాటి ఇనాం (మాన్యం భూముల) రిజిస్టర్లు వీటికంటే మీకు ఎక్కువగా పనికివస్తాయి. గుడికీ, మంగలికీ, కుమ్మరికీ, చెరువు కాపలాకూ ఎంత భూమి, ఎవరు, ఎప్పుడు ఇచ్చారో వాటిలో ఉంటుంది.

చివరగా ఇంకొక మాట. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్లలోని పాత దస్త్రాలన్నీ తాలూకా కచేరీలకు చేరలేదు. కొన్ని ఆ కుటుంబాల ఇళ్లలోనే అటకల మీద ఉండిపోయాయి. ఆ ఇళ్లకు పిల్లలను వెంటబెట్టుకొని మర్యాదగా వెళ్లి, కాగితాలు ఇమ్మని అడగకుండా, అక్కడే కూర్చొని ఫోటోలు తీసుకుంటామని అడగండి. ఇవ్వమంటే వెనకాడే ఇంటివారు చూపమంటే సంతోషంగా చూపుతారు. ప్రతి ఫోటోకూ ఏ ఇంట్లో, ఏ తేదీన, ఎవరి సమక్షంలో తీశారో రాయడం మాత్రం మరువవద్దు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలోని రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం మొదట ప్రభుత్వానిది కాదని మా నాన్నగారు అంటుండేవారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, పెద్దాపురం)

సమాధానం: మీ నాన్నగారు చెప్పింది నిజమే. తెలుగునాట ఒక ప్రాంతపు ప్రజలు తమ చరిత్ర కోసం తామే నడుం కట్టిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. ఆ ఘటనకు 900 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1922లో రాజమహేంద్రవరంలో ఉత్సవాలు జరిగాయి. ఉత్సవంతో ఆగిపోకూడదని తలచిన చరిత్రాభిమానులు ఆ ఏడాదే ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించారు. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు అందులో ముఖ్యులు. వీరభద్రరావు పత్రికా రచయిత, కృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. పురావస్తు శాఖ ఉద్యోగులు కాని ఇలాంటివారు ఊళ్లు తిరిగి తామ్రశాసనాలు, నాణేలు, శిల్పాలు, తాళపత్రాలు సేకరించారు. దొరికినవాటిని చదివి, పరిష్కరించి, 1926 నుంచి తమ త్రైమాసిక పత్రికలో ప్రకటించారు. ఆ తర్వాత కళింగ, కాకతీయ, రెడ్డి యుగాల మీద ప్రత్యేక సంచికలు తెచ్చారు. మండలి సేకరణను 1967లో రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించింది. గౌరవ కార్యదర్శిగా సంస్థను ఏళ్ల తరబడి మోసిన సుబ్బారావు పేరు మ్యూజియానికి నిలిచింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వారి సేకరణ కాదు, వారి పత్రిక. ఒక తామ్రశాసనం తమ చేతికి వస్తే అది ఏ ఊళ్లో, ఎవరి పొలంలో, ఎలా బయటపడిందో, ఎవరి ద్వారా వచ్చిందో ముందు చెప్పి, ఆ తర్వాతే పాఠం ఇచ్చేవారు. రాగిరేకులు ఎప్పుడైనా పోవచ్చు, కరిగిపోవచ్చు. అచ్చులో నిలిచిన ఆ నాలుగు వాక్యాలు మాత్రం వందేళ్ల తర్వాత కూడా ఆ ఊరిని ఆ శాసనానికి కట్టి ఉంచుతున్నాయి. ఊరి మ్యూజియం పెట్టాలనుకునేవారు అద్దాల బీరువాల కంటే ముందు నేర్చుకోవలసిన అలవాటు ఇది.

రాజమహేంద్రవరం, కాకినాడల్లో ఇలా జనం చేతుల మీదుగా నిలిచిన సంస్థలు ఇంకా ఉన్నాయి. జయంతి రామయ్య పంతులు చొరవతో 1911లో మద్రాసులో మొదలై తర్వాత కాకినాడకు మారిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సేకరించిన తాళపత్రాలే అక్కడి మ్యూజియానికి ప్రాణం. 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రాలు నేటికీ రాజమహేంద్రవరంలోనే చూడగలుగుతున్నామంటే, వాటిని చెదరనీయకుండా కాపాడిన ఆయన భార్య సత్యవాణి, మిత్రులు, శిష్యులే కారణం.

ప్రశ్న: ఇంటి పునాదులు తవ్వుతుండగా మా బంధువులకు ఒక కడియానికి గుచ్చిన రాగిరేకులు దొరికాయి. మీద ఏదో జంతువు ముద్ర ఉంది. చింతపండుతో తోమి చూద్దామని ఇంట్లో అంటున్నారు. ప్రభుత్వానికి చెబితే ఇల్లు కట్టుకోనివ్వరని భయపడుతున్నారు. ఏం చేయాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, మండపేట ప్రాంతం)

సమాధానం: ముందుగా తోమడం ఆపించండి. ఇది ఈ రోజే చేయవలసిన పని. రాగి మీద పట్టిన పచ్చని పొర శతాబ్దాలుగా ఏర్పడినది. చింతపండు, నిమ్మరసం, బూడిద, ఇటుకపొడి వంటివి ఆ పొరతో పాటు సన్నగా చెక్కిన అక్షరాల అంచులను కూడా తినేస్తాయి. అప్పుడు రేకులు తళతళలాడతాయి గానీ చదవడానికి ఏమీ మిగలదు. మట్టి అంటుకొని ఉంటే ఉండనివ్వండి. కడియాన్ని కోయకండి, రేకులను విడదీయకండి. రేకుల వరుస తప్పితే పాఠం వరుస తప్పుతుంది. ముద్ర తొలగితే ఆ శాసనం ఏ రాజుదో చెప్పే సాక్ష్యం చెదురుతుంది. పొడి నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి.

మీరు చెప్పిన జంతువు వరాహమైతే, పక్కన సూర్యచంద్రులు, అంకుశం, కింద ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు కూడా కనిపిస్తే, అది వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల ముద్ర. ఆ వంశపు తామ్రశాసనాల్లో రాజుల వంశావళి, దాన వివరాలు సాధారణంగా సంస్కృతంలో ఉంటాయి. దానమిచ్చిన గ్రామపు ఎల్లలు చెప్పేటప్పుడు మాత్రం స్థానికమైన తెలుగు మాటలు వస్తాయి. ఏ దిక్కున ఏ ఊరి పొలిమేర, ఎక్కడ చింత, ఎక్కడ పుట్ట, ఎక్కడ మడుగు అన్నవి అందులో ఉంటాయి. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనాన్ని రచించినది నన్నయభట్టు. అందులో నందంపూడి ఉన్న ప్రాంతాన్ని రెండేరులనడిమి విషయంగా, అంటే రెండు ఏరుల మధ్య సీమగా పేర్కొన్నారు. కోనసీమవాసులకు ఇంతకంటే ఆత్మీయమైన ఆధారం ఏముంటుంది? మీ ఇంటి పునాదిలో దొరికినది కూడా అలా ఏదో ఒక ఊరి పుట్టుకను చెప్పేది కావచ్చు. అందుకే దానిమీద మీకు ఎంత హక్కు ఉందో ఆ ప్రాంతానికీ అంత హక్కు ఉంది.

ఇక చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ వస్తువు ఎలాంటిది, సుమారు విలువ ఎంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అన్నవి ఆ లేఖలో ఉండాలని చట్టమే చెబుతోంది. వస్తువును ఖజానాలో అప్పగించడమో, అడిగినప్పుడు చూపుతామని హామీ ఇవ్వడమో చేయాలి. చెప్పకుండా దాచినా, కరిగించినా శిక్ష ఉంది. చెప్పినవారికి ప్రతిఫలంలో వాటా కూడా ఆ చట్టమే కల్పిస్తుంది. తహసీల్దారు కార్యాలయంలో లేఖ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. పునాదిలో ఒక తామ్రశాసనం దొరికినంత మాత్రాన ఇంటి స్థలాన్ని తీసేసుకోవాలని ఈ చట్టంలో లేదు.

దొరికిన గుంటను పూడ్చేలోపు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. నేల మట్టం నుంచి ఎంత లోతున ఉందో టేపుతో కొలవండి. చుట్టూ కుండపెంకులు, బొగ్గు, ఇటుక ముక్కలు ఉన్నాయేమో చూసి రాయండి. కొనుక్కుంటామని వచ్చేవారిని దగ్గరకు రానివ్వవద్దు. పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు ఉండాలి, వాటిని దేశం దాటించడం నేరం.

ప్రశ్న: మా ఊరి చెరువుగట్టున పాడుబడిన గుడి ముందు శాసనం ఉన్న రాయి ఒకటి ఉంది. దాన్ని తెచ్చి పంచాయతీ ఆఫీసు ఎదుట దిమ్మె కట్టి నిలబెట్టి, అక్షరాలకు రంగు వేయిస్తే అందరూ చూస్తారని సర్పంచి గారి ఆలోచన. మీ సలహా? (గ్రామ యువజన సంఘం, బిక్కవోలు మండలం)

సమాధానం: సర్పంచి గారి అభిమానం మెచ్చదగినది, ఆ పని మాత్రం చేయకూడదు. శాసనంలో ‘ఈ గుడికి’, ‘ఈ చెరువు కింద’ అని ఉంటుంది. రాయి అక్కడ ఉన్నంత కాలం ఆ మాటలకు అర్థం ఉంటుంది, కదిలిస్తే ఏ గుడి, ఏ చెరువు అనే ప్రశ్న మిగులుతుంది. మీ మండలంలోనే తూర్పు చాళుక్యుల నాటి ఆలయాలు పొలాల మధ్య తమ చోటనే నిలిచి ఉన్నాయి. వాటిని చూడడానికి వచ్చేవారికి ఆ పొలాలు, ఆ గట్లు కూడా చరిత్రలో భాగంగానే కనిపిస్తాయి.

రాళ్లు కదిలితే ఏమవుతుందో అమరావతి చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్టణం కడుతున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్విన దిబ్బే మహాస్తూపం. మెకంజీ మొదటిసారి చూసి వెళ్లి, 1816లో తిరిగి వచ్చేసరికి అందులో చాలా భాగం పోయింది. ఆయన గీయించిన బొమ్మలే కొన్ని శిల్పాలకు ఇప్పుడు మిగిలిన ఆధారం. కొన్ని పలకలను మచిలీపట్నం బజారు కూడలి అలంకారానికి తరలించారు. 1845లో ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడి నుంచి ఎక్కువ భాగం 1859లో లండన్ వెళ్లాయి. ఇప్పుడు ఆ ఒక్క స్తూపం లండన్‌లో, చెన్నైలో, కోల్‌కతాలో, అమరావతిలో ముక్కలుగా ఉంది. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తేల్చడానికి పండితులు రెండు వందల ఏళ్లుగా శ్రమిస్తున్నారు. తీసుకువెళ్లినవారిలో కొందరు కాపాడాలనే తీసుకువెళ్లారు. అయినా ఎక్కడి నుంచి తీశారో ప్రతి రాయికీ రాసిపెట్టి ఉంటే ఈ శ్రమలో సగం తప్పేది.

రంగు కూడా వద్దు. రంగు వేసేవాడు తనకు కనిపించిన గీతకే రంగు వేస్తాడు. అరిగిన దీర్ఘం, సున్న వదిలిపోయి, లేని అక్షరాలు పుట్టుకొస్తాయి. తర్వాత చదివేవారు రాతిని కాక రంగును చదువుతారు. సాయంత్రం ఏటవాలు ఎండలో, లేదా చీకటి పడ్డాక పక్క నుంచి టార్చి వేసి ఫోటో తీస్తే అక్షరాలు వాటంతట అవే లేచి కనబడతాయి. మంచి ఫోటోను పెద్దది చేయించి, పాఠం, భావం, రాయి ఉన్న చోటుకు దారి చూపే పటంతో పంచాయతీ ఆఫీసులో పెట్టండి. రాయి చుట్టూ ముళ్లకంప తీసి, నీరు నిలవకుండా కాలువ తవ్వి, పశువులు రాసుకోకుండా కంచె వేయడానికి పురావస్తు శాఖను అనుమతి అడగండి. గట్టు కోసుకుపోయి రాయి చెరువులో పడే ప్రమాదమే ఉంటే, ఆ శాఖవారి చేతనే, పాత స్థానాన్ని కొలిచి గుర్తు పెట్టించాక జరిపించాలి.

ప్రశ్న: మ్యూజియం అంటే విగ్రహాలు, కత్తులు, నాణేలు. మా తాతముత్తాతలు కాలువల మీద పడవలు నడిపినవారు. మా పేటలో చూపించడానికి ఏముంటుంది? (ఒక పాఠకుడు, ధవళేశ్వరం)

సమాధానం: మీ ఊరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఊళ్లోనే దాన్ని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట మ్యూజియం ఉంది, ఆయన వాడిన పరికరాలు, నిర్మాణాల నమూనాలు చూడవచ్చు. గోదావరీ స్నానం చేస్తూ ఆయనను భగీరథుడిగా తలచుకొని శ్లోకం చదివే వాడుక కూడా ఈ ప్రాంతంలో ఉంది. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. అయితే ఆ రాళ్లు మోసినవారు, కాలువలు తవ్వినవారు, ఆ కాలువల మీద ఒక శతాబ్దం పాటు ధాన్యం, ఉప్పు, కలప, మనుషులను చేరవేసినవారు మీ తాతముత్తాతలే. ధవళేశ్వరం నుంచి కాకినాడకు ఒకవైపు, ఏలూరు మీదుగా బెజవాడకు, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసుకు మరోవైపు సాగిన ఆ జలమార్గం ఈ డెల్టాను బయటి ప్రపంచంతో కలిపింది. 1900లో హేవ్‌లాక్ రైలు వంతెన, ఆ తర్వాత రోడ్లు, లారీలు వచ్చి ఆ వృత్తి మాయమైంది. ఇంత పెద్ద వృత్తి ఇంత త్వరగా కనుమరుగైన చోట ‘చూపించడానికి ఏముంటుంది’ అనిపించడం నాకు బాధ కలిగించింది.

గడ, తెడ్డు, తెరచాప గుడ్డ, లంగరు, లాంతరు, లాకుల దగ్గర ఇచ్చిన రసీదులు, సరుకు కొలిచిన కుంచాలు, మానికలు, సోలలు, వడ్డీవ్యాపారి రాయించుకున్న నోట్లు, పడవ పక్కన నిలబడి తీయించుకున్న ఒక్క పాత ఫోటో, ఇవన్నీ మ్యూజియం వస్తువులే. వీటికంటే ముందు మాటలను పట్టుకోవాలి. ఏ లాకు దగ్గర రాత్రి ఆగేవారు, ఎక్కడ వండుకునేవారు, గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగినవారెవరు, ఏ ఊళ్లో ఎవరిని రేవులో నీళ్లు తాగనివ్వలేదు, కూలి ఎంత, బాకీ ఎంత అని డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవారిని కూర్చోబెట్టి అడిగి ఫోనులో రికార్డు చేయండి. ఆడవాళ్లను విడిగా, తీరిగ్గా అడగండి. మగవాళ్లు పడవ మీద ఉన్న నెలల్లో ఇల్లు ఎలా గడిచిందో వారే చెప్పగలరు. పాటలు పాడితే మధ్యలో ఆపకండి.

1953, 1986 వరదలు మీ పేటలో ఏ గోడ దాకా వచ్చాయో పెద్దలు చేత్తో చూపగలరు. ఆ గోడ ఉండగానే నేల నుంచి ఎత్తు కొలిచి, గుర్తు వేసి, చెప్పినవారి పేరు రాసుకోండి. నీటిపారుదల శాఖ లెక్కల్లో నది మట్టం ఉంటుంది గానీ మీ వీధి మట్టం ఉండదు.

ఊరి మ్యూజియం జమీందారు కత్తితో, గుడి దానాలతో ఆగిపోతే అది సగం ఊరి మ్యూజియమే అవుతుంది. రాజమహేంద్రవరంలో దళితుల పక్షాన ‘జయభేరి’ పత్రిక నడిపిన కుసుమ ధర్మన్న, కందుకూరి వీరేశలింగం చేయించిన వితంతు వివాహాల్లో పెళ్లికూతుళ్లుగా నిలిచిన అమ్మాయిలు, సాలెవారు, చాకలివారు, కల్లుగీతవారు, అందరికీ అందులో చోటుండాలి. ఏ వస్తువు పెట్టాలో నిర్ణయించే సంఘంలో ప్రతి పేట నుంచీ మనుషులు ఉంటేనే అది సాధ్యం.

ప్రశ్న: మాది దేవీపట్నం మండలంలో పోలవరం ముంపు గ్రామం. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాము. ఊరే లేనప్పుడు ఊరి చరిత్ర రాయగలమా? (ఒక కళాశాల విద్యార్థిని)

సమాధానం: రాయగలరు, ఈ పేజీలో ప్రశ్నలు అడిగిన అందరికంటే ముందు రాయవలసినది మీరే. ఊరు తెలిసినవారు ఇంకా మీ మధ్య ఉన్నారు.

తెలుగునాట ముంపునకు పెద్ద ఉదాహరణ నాగార్జునకొండ. అక్కడి బౌద్ధ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరులో నాగార్జునసాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగేనాటికే, లోయ మునిగేలోపు పూర్తిచేయాలని 1954లో తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించారు. ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకా లెక్కబెట్టి కొండ మీదికీ, అనుపు వద్దకూ తరలించి తిరిగి కట్టారు. కొండ మీద మ్యూజియం వెలిసింది. పురావస్తు చరిత్రలో అది గొప్ప కార్యం. అయితే ఆ లోయలో నిన్నమొన్నటి దాకా కాపురాలు చేసిన ఊళ్లకు, ఒకప్పుడు అక్కడి నుంచి ఏలిన ఇక్ష్వాకుల రాళ్లకు దక్కినంత చోటు దక్కలేదు. మీ ఊరి విషయంలో ఆ లోటు రాకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

ముందు పటం గీయండి. పెద్ద కాగితం పరచి, కాలనీలోని పెద్దలందరినీ కూర్చోబెట్టి, ఏ ఇల్లు ఎక్కడ, ఎవరిది, ఏ చెట్టు కింద ఏ దేవత, ఏ రేవులో పడవ దిగేవారు, శ్మశానం ఎటు, పోడు ఎక్కడ, కొండ మీదికి దారి ఎటు అని గుర్తులు పెట్టించండి. ఒకరు చెప్పింది మరొకరు సరిదిద్దుతారు. ఆ వాదన మొత్తాన్ని రికార్డు చేయండి, ఎందుకంటే పటం కంటే ఆ వాదనలోనే ఎక్కువ చరిత్ర ఉంటుంది. సర్వే నంబర్ల పాత పటం తహసీల్దారు కార్యాలయంలో తీసుకొని రెండింటినీ పక్కపక్కన పెట్టండి. కోయలు, కొండరెడ్లు తమ భాషలో, తమ యాసలో చెప్పిన పేర్లను అలాగే రాయండి, పుస్తకాల తెలుగులోకి దిద్దవద్దు.

ఖాళీ చేసేటప్పుడు ప్రతి ఇంటివారూ ఏదో ఒకటి వెంట తెచ్చుకొని ఉంటారు. తలుపు, దూలం, తిరగలి, విల్లు, డోలు, వేట వల, ఏదైనా సరే. వాటిని ఒక చోటికి చేర్చమని తొందరపెట్టవద్దు. అవి ఆ ఇళ్లలోనే ఉండనివ్వండి. ఏ వస్తువు ఏ ఇంట్లో ఉందో, పాత ఊళ్లో ఎక్కడ ఉండేదో, ఎందుకు తెచ్చుకున్నారో ఒక రిజిస్టరులో రాసి, వరుస సంఖ్య ఇవ్వండి. ఏడాదికి ఒకసారి, పాత ఊళ్లో పండగ జరిగే రోజున, ఎవరి వస్తువు వారే తెచ్చి కాలనీ సామాజిక భవనంలో ప్రదర్శించి, సాయంత్రానికి తిరిగి తీసుకువెళ్లవచ్చు. పూజకు సంబంధించిన వస్తువులు, బయటివారు చూడకూడనివి ఉంటే వాటిని ప్రదర్శించాలా వద్దా అన్నది ఆ కుటుంబం, ఆ కులపెద్దల నిర్ణయం. పరిశోధకులు, పత్రికలవారు వచ్చి అడిగినా అదే నియమం వర్తించాలి.

రిజిస్టరుకు మూడు ప్రతులు తీయండి. ఒకటి కాలనీలో, ఒకటి మీ కళాశాల గ్రంథాలయంలో, ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉంచి, ఇచ్చిన ప్రతి చోటా తేదీతో రసీదు తీసుకోండి.